ఆఫీసుకి మానిటర్లు కొనబోతున్న మేనకోడలికి

చి. అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన కొటేషన్ చూశాను. నాలుగు సీట్ల అకౌంట్స్ ఆఫీసుకి ఆ షాపతను 27 అంగుళాల కర్వ్‌డ్ మానిటర్లు రాశాడు, అదీ 180 హెర్ట్జ్‌వి, అంటే సెకనుకి 180 సార్లు బొమ్మ మార్చేవి. వద్దమ్మా. అవి గేములాడేవాళ్లకి. నీ దగ్గర పొద్దున్నించి రాత్రి దాకా తెర మీద ఉండేది టాలీ, ఎక్సెల్, జీఎస్టీ పోర్టల్, మధ్యమధ్య క్లయింట్లకి తెలుగులో రాసే ఉత్తరాలు. చూసేవన్నీ అక్షరాలూ అంకెలే కాబట్టి అవి స్పష్టంగా కనబడాలి, చూసే మనిషికి మెడ నొప్పి రాకూడదు. నీ డబ్బు ఈ రెండింటి మీదే పెట్టు.

ముందు అక్షరం సంగతి. షాపుకెళ్లినవాళ్లు సైజు అడుగుతారు గానీ రిజల్యూషన్ అడగరు. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్లో, అంటే 1920 × 1080 దాంట్లో, అంగుళానికి సుమారు 92 పిక్సెళ్లు, అంటే బొమ్మని కట్టే చుక్కలు, ఉంటాయి. అదే రిజల్యూషన్ 27 అంగుళాల తెర మీదైతే 82కి పడిపోతాయి. తెర పెద్దదవుతుంది తప్ప ఎక్సెల్లో ఒక్క వరస కూడా ఎక్కువ పట్టదు, పైగా అక్షరాల అంచులు గరుకుగా కనబడతాయి. నీ కొటేషన్లో ఉన్నది ఇదే. 27 తప్పనిసరిగా కావాలనుకుంటే 2560 × 1440 అని రాసి ఉన్నదే తీసుకో. అంగుళానికి దాదాపు 109 పిక్సెళ్లు వస్తాయి, నిలువునా అడ్డంగా మూడో వంతు చోటు కలిసొస్తుంది. 4కేలో, అంటే 3840 × 2160 దాంట్లో, అక్షరం అచ్చు పుస్తకంలా ఉంటుంది, నిజమే. కానీ విండోస్‌లో స్కేలింగ్, అంటే అక్షరాలూ బొమ్మలూ పెంచి చూపించే సెట్టింగ్, 150 శాతం పెట్టుకోవాలి, అప్పుడు పాత సాఫ్ట్‌వేర్లు కొన్ని మసకబారతాయి. నీకిప్పుడు అంత అవసరం లేదు.

ఈ తేడా తెలియాలంటే తెలుగు పెట్టి చూడాలి. ఒక పెన్‌డ్రైవ్‌లో నీ ఉత్తరం ఒకటి, అంకెలు కిక్కిరిసిన బ్యాలెన్స్ షీట్ ఒకటి వేసుకెళ్లు. ఉత్తరంలో ద, ధ, థ పక్కపక్కన 11 సైజులో టైప్ చేసి ఉంచు. ధ కింది గీత, థ పొట్టలోని చుక్క ముందుకి వంగకుండానే కనబడాలి. తర్వాత ‘రాష్ట్రం’ అన్న మాట చూడు. ట వత్తూ ర వత్తూ దేనికది విడిగా తెలియాలి, ఒకదాన్నొకటి పట్టుకుని నల్లటి మచ్చలా అయిపోతే ఆ తెర నీకు పనికిరాదు. షీట్‌లో 3, 6, 8, 9 కూడా అలాగే చూసుకో. రిటర్న్ వెయ్యాల్సిన చివరి రోజు రాత్రి 6ని 8 అనుకుంటే ఎంత టెన్షనో నీకు నేను చెప్పక్కర్లేదు. షాపులో నడుస్తుండే రంగురంగుల డెమో వీడియో చూసి మాత్రం దేన్నీ ఎంచుకోకు. ఆ వీడియో ఏ తెర మీదైనా బాగానే ఉంటుంది.

ప్యానెల్, అంటే తెర లోపలి పలక, ముఖ్యంగా మూడు రకాలు: ఐపీఎస్, టీఎన్, వీఏ. నువ్వు ఐపీఎస్‌దే తీసుకో. టీఎన్ ప్యానెల్ అయితే కుర్చీలోంచి లేచి పైనుంచి చూడగానే తెల్ల కాగితం రంగు మారిపోతుంది. నీ పక్క కుర్చీలో క్లయింటు కూర్చుని తన లెక్క తనే చూసుకుంటాడు కదా, అతనికీ నీకు కనబడినట్టే కనబడాలి. వీఏలో నలుపు బాగుంటుంది, సినిమాలకి మంచిదే. ఆఫీసుకి ఐపీఎస్ చాలు. తెర మెరిసేది కాకుండా మ్యాట్‌ది చూడు. మీ ఆఫీసు రోడ్డు వైపు కిటికీతో ఉంది, మెరిసే తెర మీద ట్యూబ్‌లైటూ కిటికీ వెలుగూ నీడ పడుతుంటే లెక్క చూడటం నరకం.

ఇక అందరూ వదిలేసేది స్టాండు. చవక మానిటర్ల స్టాండు ముందుకీ వెనక్కీ వంగుతుందే గానీ పైకీ కిందకీ జరగదు. తెర పై అంచు కంటి ఎత్తున, లేదా కాస్త కిందుగా ఉండాలి, దూరం చెయ్యి చాచినంత. అందుకే చాలా ఆఫీసుల్లో మానిటర్ కింద పాత లెడ్జర్లు పేర్చి పెడుతుంటారు. కానీ నీ దగ్గర చేరబోయే పెద్దాయనకి ఆ పద్ధతి పనికిరాదు. ఆయన పెట్టుకునేది బైఫోకల్ అద్దాలన్నావు. దగ్గర చూపు అద్దం కింది భాగంలో ఉంటుంది, కాబట్టి తెర ఎత్తుగా ఉంటే ఆయన గడ్డం పైకెత్తి చూడాలి. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. ఆయనకి తెర మిగతావాళ్లకంటే కిందికి దించి, కొంచెం వెనక్కి వంచి పెట్టాలి. ఎత్తు జరిగే స్టాండు ఉన్న మోడల్ ఆయన ఒక్కరికైనా కొను, మిగతా ముగ్గురి సంగతి తర్వాత చూడొచ్చు. మిగతావాటికి కనీసం వెనక నాలుగు వెసా రంధ్రాలు, అంటే మరలు బిగించే చోట్లు, ఉన్నాయో లేదో చూసుకో, ఎక్కువగా 100 మిల్లీమీటర్ల ఎడంతో ఉంటాయి. అవి ఉంటే రేపు ఎప్పుడైనా తెరని ఎటైనా జరిపే ఆర్మ్ బిగించుకోవచ్చు.

కళ్ల సంగతి. తెర వెలుగు తగ్గించినప్పుడు కొన్ని మానిటర్లు లైటుని కంటికి తెలియనంత వేగంగా ఆర్పి వెలిగిస్తుంటాయి. కొంతమందికి అది తలనొప్పి తెస్తుంది. బ్రైట్‌నెస్ 20 శాతానికి దించి, ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తియ్. తెర మీద నల్లటి చారలు కదులుతూ కనబడితే ఆ మోడల్ వదిలెయ్. షాపు లైట్ల వల్ల కూడా వీడియో మినుకుమనవచ్చు, అందుకని ఫోన్‌ని తెరకి దగ్గరగా పెట్టి తియ్. బ్లూ లైట్ ఫిల్టర్ ఉందని షాపతను గట్టిగా చెబుతాడు, దానికోసం పైసా ఎక్కువివ్వకు. ఇరవై నిమిషాలకోసారి కిటికీలోంచి దూరంగా చూడమని మీవాళ్లకి చెప్పు, అది ఎక్కువ పని చేస్తుంది.

బిగించిన తర్వాత కూడా మంచి మానిటర్ పాడు చేసుకునేవాళ్లున్నారు. అక్షరం పెద్దగా కనబడాలని రిజల్యూషన్ తగ్గించేస్తారు, దాంతో తెరంతా మసక. రిజల్యూషన్ ఎప్పుడూ ‘రికమెండెడ్’ అని చూపించే దానిమీదే ఉంచి, సెట్టింగ్స్‌లో స్కేల్ 125 శాతం పెట్టుకోవాలి. పాత నీలం రంగు వీజీఏ కేబుల్ తగిలించనివ్వకు, హెచ్‌డీఎంఐ గానీ డిస్‌ప్లేపోర్ట్ గానీ వాడు. పెట్టెలో ఏ కేబుల్ వస్తుందో ముందే అడుగు.

నా మాట వింటే నాలుగూ 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్‌వే తీసుకో. ఒక్కోటి 10 వేలకి అటూ ఇటూగా మంచివే దొరుకుతాయి, ఎత్తు జరిగే స్టాండు ఉన్నదానికి ఇంకొంచెం అవుతుంది. ఆ 27 అంగుళాలవాటితో పోలిస్తే మిగిలే డబ్బుతో నీ సీటుకి రెండోది కూడా అదే మోడల్ కొనుక్కో. ఒకదాంట్లో టాలీ, ఇంకోదాంట్లో పోర్టల్ తెరిచి పెట్టుకుంటే మాటిమాటికీ విండోలు మార్చే బాధ ఉండదు. నీ సీపీయూకి రెండు తెరలకీ వెనక సాకెట్లున్నాయో లేదో ముందు చూసుకో.

వారంటీ మూడేళ్లుండాలి. రిపేరుకి మనిషి ఆఫీసుకొస్తాడా, మనమే హైదరాబాద్ మోసుకెళ్లాలా అడుగు. ఖమ్మంలో ఉన్నవాళ్లకి అది పెద్ద తేడా. ఒకటీ రెండూ చచ్చిన పిక్సెళ్లుంటే చాలా కంపెనీలు మార్చి ఇవ్వవు, కాబట్టి డబ్బు కట్టేముందే పెట్టె విప్పించి తెల్ల తెర, నల్ల తెర వేయించి చూడు. బిల్లు ఆఫీసు జీఎస్టీ నంబరు మీద రాయించుకోవడం నీకు నేను చెప్పాలా!

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారు సీటీసీలో కూడా ధర కనుక్కో, నీకు బేరమాడటానికి పనికొస్తుంది. కొత్త కొటేషన్ రాయించాక మోడల్ నంబర్లు పూర్తిగా, చివరి అక్షరం దాకా పంపించు. ఒకే పేరుతో ఐపీఎస్‌వీ వీఏవీ రెండూ అమ్ముతుంటారు, చూసి చెబుతాను.

ఇట్లు,
మీ మావయ్య