ఫైళ్ల గదిలో ఉద్యోగమంటే నామోషీ ఎందుకు?

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయి ఈ ఏడాది బీఎస్సీ బీజెడ్‌సీ పూర్తి చేసింది. రెండుసార్లు నీట్ రాసినా సీటు రాలేదు. అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్, అంటే జబ్బులకు కోడ్ నంబర్లు వేసే పని, నేర్చుకుంటే అమెరికా కంపెనీల పని, మంచి జీతం అని అందరూ అంటున్నారు. ఫీజు 45 వేలు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అట. ఈలోపు మా తోడల్లుడు నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి రికార్డు సెక్షన్‌లో ట్రైనీగా చేర్పిస్తానంటున్నాడు. డాక్టర్‌ని చేద్దామనుకున్న పిల్లను ఫైళ్లు సర్దడానికి పంపాలా? రెండింటిలో ఏది మేలో చెప్పండి.

జవాబు: అయ్యా, మీ ప్రశ్నలో అందరూ ఏమంటున్నారో ఉంది, తోడల్లుడు ఏమంటున్నాడో ఉంది. అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క లేదు. డాక్టర్‌ని చేద్దామనుకున్నది కూడా ఆమేనా, మీరేనా? నీట్ ఫలితాలు వచ్చిన ప్రతి ఏడాదీ ఇదే ప్రశ్న నా దగ్గరికి వస్తుంది. పైకి కోర్సుల గురించే అడుగుతారు. అసలు బెంగ మాత్రం, పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే ఏం చెప్పుకోవాలన్నదే. ఆ బెంగ పిల్ల మీద రుద్దకండి. రెండుసార్లు సీటు రాని బాధ ఆమెకు ఇప్పటికే ఉంది.

ఇక ఆ ఫైళ్ల సంగతి. నెల్లూరులో ఒక ఆసుపత్రి ఎంఆర్‌డీలో, అంటే మెడికల్ రికార్డ్స్ విభాగంలో, ఒక పూట కూర్చున్నాను. ఓపీ నుంచి ఫోన్ వచ్చింది, నంబరు 04-18-63. అక్కడున్న కుర్రాడు నేరుగా 63వ ర్యాక్ దగ్గరికి వెళ్లాడు, అందులో 18వ కట్ట పట్టాడు, నాలుగో ఫైలు లాగాడు. నిమిషం పట్టలేదు. నంబరును వెనక నుంచి చదవడమే కిటుకు. వరస నంబర్ల ప్రకారం పేర్చుకుంటూ పోతే కొత్త ఫైళ్లన్నీ చివరి ర్యాక్‌లోనే కిక్కిరిసిపోతాయి. చివరి రెండంకెల ప్రకారం పెడితే 00 నుంచి 99 దాకా వంద చోట్లకు సమానంగా సర్దుకుంటాయి. తీసిన ఫైలు స్థానంలో ఒక కార్డు పెట్టాడు. ఫైలు ఎవరికి వెళ్లింది, ఏ తేదీన వెళ్లింది అనేవి దాని మీద ఉంటాయి.

ఇది సర్దుడు మాత్రమే. అసలు పని రోగి డిశ్చార్జ్ అయ్యాక మొదలవుతుంది. కేస్ షీట్ వార్డు నుంచి దిగగానే ఒక్కో కాగితం చూడాలి. ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు రోగి సంతకం ఉందా, మత్తు డాక్టర్ నోట్స్ ఉన్నాయా, డిశ్చార్జ్ సమ్మరీకీ ఆపరేషన్ నోట్స్‌కీ పొంతన ఉందా? లేకపోతే చీటీ అంటించి వెనక్కి పంపాలి. పెద్ద డాక్టర్‌గారు ఓపీ ముగించుకుని కారెక్కేలోపు పట్టుకుని సంతకం పెట్టించుకోవడం ఒక విద్య. హైవే ప్రమాదాలు, పురుగుమందు కేసులు లాంటి ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులతో, కోర్టుతో ముడిపడినవి) ఫైళ్లు విడిగా తాళం వేసి ఉంచాలి. ఎన్నేళ్ల తర్వాతైనా కోర్టు అడగొచ్చు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డును చికిత్స మొదలైన నాటి నుంచి కనీసం 3 ఏళ్లు దాచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి.

మా చిన్నాయన మోకాలి ఆపరేషన్‌కు ఒక ఆసుపత్రి ఇచ్చిన సమ్మరీలో కుడి కాలు అని ఉంది, ఆపరేషన్ నోట్స్‌లో ఎడమ అని. ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ ఆపేశారు. రెండు నెలలు తిరిగాం. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసిన మనిషి ఆ రోజు ఒక్కరుంటే సరిపోయేది. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ క్లెయిములకైనా అంతే, కాగితం సరిగా లేకపోతే డబ్బు కదలదు.

ఇంకో మాట, మీ తోడల్లుడికి ముందే చెప్పండి. ఆమె అక్కడ చేరిన నెలలోనే బంధువుల్లో ఎవరో ఒకరు, ‘ఫలానా సంబంధం వచ్చింది, ఆ అబ్బాయి రిపోర్టులు ఒకసారి చూసి చెప్పమ్మా’ అని అడుగుతారు. చూడకూడదు, చెప్పకూడదు. ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టం అదే.

కోడింగ్ మోసం అని నేననను. కేస్ షీట్ చదివి జబ్బుకు కోడ్ వేయడం నిజమైన పనే. మామూలు షుగర్‌కు ఈ11.9. అదే షుగర్ కిడ్నీని పట్టుకుంటే అమెరికా పద్ధతిలో ఈ11.22. తేడా తెలియాలంటే డాక్టర్ ఏం రాశాడో అర్థం కావాలి. నా అనుమానమల్లా కేస్ షీట్ మొహం చూడకుండానే కోడ్లు బట్టీ పట్టించే కోర్సుల మీదే. తేలిక చార్టులకు, అంటే కేస్ షీట్లకు, సాఫ్ట్‌వేరే కోడ్లు సూచిస్తోంది. మనిషి అవసరం చిక్కు కేసుల్లోనే మిగులుతోంది, అక్కడ బట్టీ పనికిరాదు. పైగా అమెరికా వాళ్లు ఏటా అక్టోబరులో కోడ్లు మారుస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి ఐసీడీ అనే తన జబ్బుల కోడ్ల జాబితాలో 11వ కూర్పుకు వెళ్లింది, అమెరికా ఇంకా 10 మీదే ఉంది. రోజుకు ఇన్ని చార్టులని టార్గెట్ ఉంటుంది, కొన్నిచోట్ల నైట్ షిఫ్టులు కూడా. కోడర్లకు సర్టిఫికెట్ ఇచ్చే సీపీసీ పరీక్షకు ఫీజు వేరే కట్టాలి. అది మీ 45 వేలలో ఉందా, అడిగారా? గ్యారంటీ అన్న మాట రసీదు మీద రాసిమ్మనండి, ఉద్యోగం రాకపోతే డబ్బు వెనక్కి ఇస్తామని కూడా. నేను చూసినంతలో ఆ గ్యారంటీ చివరికి ‘ఇంటర్వ్యూకి పంపిస్తాం’ దగ్గర ఆగుతుంది.

ఎంఆర్‌డీలో మొదటి జీతం తక్కువే, అది దాచను. గోనెసంచుల్లో కేస్ షీట్లు కుక్కి మేడ మీద పడేసే నర్సింగ్ హోమైతే అసలు వద్దు. అక్కడ మెడికల్ రికార్డ్ ఆఫీసర్ అంటూ ఒకరున్నారా, జబ్బులకు కోడ్లు వేస్తారా, ఆసుపత్రుల నాణ్యతకు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఉందా, కనుక్కోండి. ఉంటే ఆరు నెలలు పంపండి. కావలి నుంచి రైల్లో గంట ప్రయాణం. ఆ తర్వాత కోడింగ్ నేర్చుకున్నా అప్పటికే చేతికి వంద కేస్ షీట్లు తగిలి ఉంటాయి. చదువు మీద మనసుంటే వెల్లూరు సీఎంసీ, మణిపాల్ లాంటి చోట్ల ఈ రంగంలోనే కోర్సులున్నాయి. వెల్లూరు దారి మన జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. 2021 నాటి అలైడ్ హెల్త్‌కేర్ చట్టం ఈ పనిని వైద్య అనుబంధ వృత్తుల జాబితాలో చేర్చింది కూడా. అదే ఏడాది మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఒక్కొక్కరికీ 14 అంకెల ఆభా నంబర్లు, అంటే ఆరోగ్య ఖాతా నంబర్లు, ఇస్తున్నారు. ఆ నంబరు వెనక చేరే రికార్డు తప్పుల్లేకుండా ఉండాలంటే ఇలాంటి మనుషులే కావాలి.

అంతదాకా ఆ 45 వేలు బ్యాంకులోనే ఉంచండి. ఈ ఆదివారం అమ్మాయి చేత నాకు ఫోన్ చేయించండి. మీరు పక్కన కూర్చోకుండా.