ప్రశ్నలు - జవాబులు: చిప్‌లోనే సైన్ వేవ్

ప్రశ్న: ఇంపీడెన్స్ (ఏసీ కరెంటుకు ఎదురయ్యే అడ్డు) కొలిచే చిప్‌లో చోటు చాలక, క్లాక్ నుంచి తీసిన స్క్వేర్ వేవ్‌నే సెన్సర్‌కి ఇచ్చాను. సెన్సర్ నుంచి వచ్చే కరెంటును కొలిచే డిటెక్టర్‌కీ స్క్వేర్ వేవే. తెలిసిన రెసిస్టర్‌తో కాలిబ్రేట్ చేశాక రెసిస్టర్లన్నీ సరిగ్గా వస్తున్నాయి. కెపాసిటర్ పెడితే మాత్రం విలువ మూడో వంతు పైగా తగ్గుతోంది. ఎందుకు?

జవాబు: తప్పు రెసిస్టర్‌లోనూ ఉంది, కాలిబ్రేషన్ దాన్ని కప్పేసింది. స్క్వేర్ వేవ్‌లో 3వ హార్మోనిక్ (మూల ఫ్రీక్వెన్సీకి మూడు రెట్లున్న సైన్) మూడో వంతు ఉంటుంది. డిటెక్టర్ కూడా దాన్ని మూడో వంతుగానే పట్టుకుంటుంది కాబట్టి తొమ్మిదో వంతు అదనంగా చేరుతుంది. 5, 7, ఆపై బేసి హార్మోనిక్‌లన్నీ కలిపితే రెసిస్టర్ రీడింగ్ 1.23 రెట్లు అవుతుంది. ఏ రెసిస్టర్‌కైనా ఇదే నిష్పత్తి, అందుకే బయటపడలేదు. కెపాసిటర్‌లో 3వ హార్మోనిక్ కరెంటు మూడు రెట్లు పెరుగుతుంది, పైగా కెపాసిటర్‌ని కొలిచే, 90 డిగ్రీలు జరిపిన డిటెక్టర్‌లో దాని గుర్తు తిరగబడుతుంది. మొత్తం 0.785కి పడిపోతుంది. 0.785ని 1.23తో భాగిస్తే 0.64. ఆంప్లిఫయర్ పై హార్మోనిక్‌లను కోయనంతవరకు మీరు చూసేది ఇదే.

స్క్వేర్ వేవ్ బదులు సైన్‌కి దగ్గరి వేవ్ ఇవ్వాలి. దానికి పెద్ద డాక్ (అంకెలను వోల్టేజ్‌గా మార్చే సర్క్యూట్) అక్కర్లేదు. నాలుగు ఫ్లిప్‌ఫ్లాప్‌ల జాన్సన్ కౌంటర్‌కి (చివరి అవుట్‌పుట్‌ని తిరగేసి మొదటిదానికి ఇచ్చే వరుస) 8 రెట్ల క్లాక్ ఇవ్వండి. 45 డిగ్రీల తేడాతో స్క్వేర్ వేవ్‌లు వస్తాయి. వరుసగా మూడింటిని 1 : 1.414 : 1 బరువులతో కలిపితే 3, 5 హార్మోనిక్‌లు రద్దవుతాయి. డిటెక్టర్‌కి కావలసిన 90 డిగ్రీల జంట కూడా ఆ కౌంటర్‌లోనే దొరుకుతుంది. చిప్‌లో రెసిస్టర్ అసలు విలువ బాగా అటూ ఇటూ పోతుంది కానీ, పక్కపక్కన ఒకేలా గీసిన రెసిస్టర్ల నిష్పత్తి నిలుస్తుంది. ఈ పద్ధతికి ప్రాణం అదే. కాబట్టి బరువులను ఒకే కొలత ముక్కలతో కట్టండి. 5 : 7 : 5 పెడితే 1.4 వస్తుంది, 3వ హార్మోనిక్ 0.17 శాతం దగ్గర మిగులుతుంది. ఇంకా కావాలంటే 12 : 17 : 12.

7, 9 మాత్రం పోవు. 7వది కెపాసిటర్ రీడింగ్‌ని ఒక్కటే 14 శాతం లాగగలదు. 9వది వెనక్కి నెట్టినా దాన్ని నమ్ముకోవద్దు, పై ఫ్రీక్వెన్సీలను ఆపే లో-పాస్ ఫిల్టర్ పెట్టండి. ఫిల్టర్ తెచ్చే ఫేజ్ మార్పును ప్రతి ఫ్రీక్వెన్సీ దగ్గరా విడిగా కాలిబ్రేట్ చేయాలి.

ప్రశ్న: ఏడీ5933 అనే ఇంపీడెన్స్ కొలిచే చిప్‌తో ద్రావణంలో ఎలక్ట్రోడ్లను కొలుస్తున్నాను. ఎలక్ట్రోడ్లు పాడవకూడదని 200 మిల్లీవోల్ట్ రేంజ్ ఎంచుకున్నాను. అయినా రీడింగ్ మెల్లగా జారిపోతోంది.

జవాబు: సైన్ చిన్నదైంది, డీసీ పెద్దదైంది. 3.3 వోల్ట్ సప్లైతో, 2 వోల్ట్ రేంజ్‌లో అవుట్‌పుట్ 1.48 వోల్ట్ మీద కూర్చుంటుంది. 200 మిల్లీవోల్ట్ రేంజ్‌లో 0.173 వోల్ట్ మీద. ఇన్‌పుట్ పిన్ ఎప్పుడూ సప్లైలో సగం, అంటే 1.65 వోల్ట్. ఆ తేడా, దాదాపు 1.5 వోల్ట్ డీసీ, మీ ఎలక్ట్రోడ్ల మధ్యే నిలిచి ఉంది. అవుట్‌పుట్‌ని 100 నానోఫారడ్ కెపాసిటర్ గుండా తీసి, రెండు 100 కిలోఓమ్‌లతో 1.65 వోల్ట్‌కి నిలబెట్టి, ఆప్ ఆంప్ బఫర్ తర్వాతే ఎలక్ట్రోడ్‌కి ఇవ్వండి. కటాఫ్ (దీని కింది ఫ్రీక్వెన్సీలు తగ్గిపోతాయి) 32 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. తక్కువ ఇంపీడెన్స్‌లు కొలిచేటప్పుడు చిప్ సొంత అవుట్‌పుట్ రెసిస్టెన్స్ అడ్డు రాకుండా కూడా ఈ బఫర్ కాపాడుతుంది.

ప్రశ్న: అదే చిప్‌లో 200 హెర్ట్జ్ దగ్గర రీడింగ్‌లు గంతులేస్తున్నాయి. చిప్ చెడిపోయిందా?

జవాబు: లేదు. అది తీసుకునేది 1024 శాంపిళ్లే. 16.776 మెగాహెర్ట్జ్ సొంత క్లాక్‌తో అవి మిల్లీసెకండ్ లోపే అయిపోతాయి. మీ ఒక్క సైకిల్‌కే 5 మిల్లీసెకండ్లు. బయట నుంచి 1 మెగాహెర్ట్జ్ క్లాక్ ఇస్తే 16.4 మిల్లీసెకండ్లు, మూడు సైకిళ్లకు పైగా దొరుకుతాయి. క్లాక్ మార్చాక ఫ్రీక్వెన్సీ కోడ్‌ని (ఏ ఫ్రీక్వెన్సీ కావాలో చిప్‌కి చెప్పే సంఖ్య) మళ్లీ లెక్కగట్టడం మరవకండి. 200 హెర్ట్జ్‌కి పాత కోడ్ 6400, కొత్తది 107374. పాతదే ఉంచితే బయటికి వచ్చేది 12 హెర్ట్జ్.