మొదటి రోగ్‌ను తయారుచేసుకునే ముందు

చిట్టీ,

నీ మొదటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకి (పాచికలు వేస్తూ, ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా కథ నడిపే బల్ల ఆట) రోగ్ అనే క్లాస్‌ని, అంటే ఆ పాత్ర రకాన్ని, ఎంచుకున్నావని తెలిసింది. మంచి పనే. కాకపోతే ఈ క్లాస్ తీసుకునే కొత్తవాళ్ళు చాలామంది పాత్ర వివరాల షీట్ మీద పెన్సిల్ పెట్టకముందే ఒక పొరపాటు చేస్తారు. రోగ్ అంటే దొంగ, దొంగ అంటే ఒంటరివాడు అనుకుంటారు. అదే లెక్కన గుంపుకి దూరంగా ఎక్కడో నిలబడి బాణాలు వేస్తారు, ఆపైన ఎంత కొట్టినా శత్రువుకి చీమ కుట్టినట్టయినా లేదని వాపోతారు. 1975లో ఈ పాత్ర డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లోకి వచ్చినప్పుడు దాని పేరు థీఫ్. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో ఆ క్లాస్ పేరే రోగ్‌గా మారింది. అంటే గూఢచారి కావచ్చు, వేగు కావచ్చు, పాత సమాధుల్లో ఉచ్చులు విప్పే నిపుణురాలు కావచ్చు. దొంగే కానక్కర్లేదు, ఒంటరి అసలే కాకూడదు. ఎందుకో అంకెలే చెబుతాయి.

ముందుగా మీ డంజన్ మాస్టర్‌ని, అంటే ఆట నడిపేవాళ్ళని, 2014 నియమాల పుస్తకమా, 2024 పుస్తకమా అని అడుగు. నేను కింద రాసేదంతా 2014 లెక్క. 2024లో స్కోర్ల (పాత్ర బలం, చురుకుదనం లాంటి వాటికి వేసే అంకెలు) పెంపు జాతి నుంచి కాకుండా బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర గత జీవితం) నుంచి వస్తుంది, దాక్కోవాలంటే పాచికా బోనసూ కలిపి కనీసం 15 రావాలి. ఇంకా చిన్నా పెద్దా తేడాలున్నాయి. రెండు పుస్తకాలూ కలిపి చదివితే బుర్ర పాడవుతుంది, ఒక్కటే పట్టుకో.

అందరూ స్కోర్లతో మొదలుపెడతారు. నువ్వు స్నీక్ అటాక్ (రోగ్ ప్రత్యేకమైన దెబ్బ) పేరాతో మొదలుపెట్టు, రెండుసార్లు చదువు. పేరు చూసి చీకట్లో నక్కి వెనకనుంచి పొడిస్తేనే వస్తుందనుకుంటారు. అలా ఏమీ లేదు. నీకు అడ్వాంటేజ్ (డీ20, అంటే ఇరవై ముఖాల పాచికను, రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకోవడం) ఉన్నా సరే, లేదా నువ్వు కొట్టే శత్రువుకి 5 అడుగుల లోపల స్పృహలో ఉన్న నీ తోటివాడు ఒకడు నిలబడి ఉన్నా సరే, దెబ్బ తగిలితే శత్రువుకి జరిగే నష్టానికి అదనంగా ఒక ఆరు ముఖాల పాచిక వేసుకోవచ్చు. పట్టపగలు, ఎదురుగా నిలబడి కొట్టినా వస్తుంది. మూడో లెవెల్‌లో అది రెండు పాచికలు, ఐదులో మూడు, అలా ప్రతి బేసి లెవెల్‌కీ ఒకటి పెరుగుతుంది. షరతులు రెండు. ఆయుధం ఫినెస్ రకంది (బలంతో కాక చురుకుదనంతో వాడగలిగేది) గానీ దూరం నుంచి వేసేది గానీ అయుండాలి, గదలూ కర్రలూ పనికిరావు. రెండోది, ఆ దెబ్బకి డిస్అడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి చిన్న అంకె తీసుకోవడం) ఉండకూడదు.

ఈ రెండో షరతు దగ్గరే కొత్తవాళ్ళు బోల్తా పడతారు. విల్లు పట్టుకుని ఉండగా శత్రువు 5 అడుగుల్లోకి వచ్చాడంటే నీ బాణానికి డిస్అడ్వాంటేజ్, స్నీక్ అటాక్ పోయింది. షార్ట్‌బో మామూలు దూరం 80 అడుగులు. అది దాటితే 320 దాకా వేయొచ్చు గానీ అక్కడా డిస్అడ్వాంటేజే. కాబట్టి దగ్గరికొస్తే విల్లు వదిలెయ్, కత్తి తియ్.

ఇంకొకటి, నియమంలో రాసింది ‘టర్న్‌కి (ఒక్కొక్కరి వంతుకి) ఒకసారి’ అని, ‘రౌండ్‌కి (అందరి వంతులూ తిరిగే చుట్టుకి) ఒకసారి’ అని కాదు. నీ పక్కనుంచి శత్రువు తన టర్న్‌లో పారిపోబోతే, నీ రియాక్షన్‌తో (అవతలివాళ్ళ వంతులో చేయగలిగే పని) కొట్టే దెబ్బకి కూడా షరతులు కుదిరితే స్నీక్ అటాక్ మళ్ళీ వస్తుంది. చాలా బల్లల దగ్గర దీన్ని మర్చిపోతారు.

ఇక స్కోర్లు. పుస్తకం ఇచ్చే 15, 14, 13, 12, 10, 8 అంకెలే తీసుకో. డెక్స్టెరిటీకి (చురుకుదనం) 15, కాన్‌స్టిట్యూషన్‌కి (ఒంటి గట్టిదనం) 14, విజ్‌డమ్‌కి (గమనింపు, వివేకం) 13, కరిస్మాకి (మాటతో ఆకట్టుకోవడం) 12, ఇంటెలిజెన్స్‌కి (తెలివి) 10, స్ట్రెంగ్త్‌కి (బలం) 8. కాన్‌స్టిట్యూషన్‌ని తగ్గించి కరిస్మా పెంచాలని చెయ్యి లాగుతుంది, ఆగు. ఇలా వేస్తేనే మొదటి లెవెల్‌లో నీకు 10 హిట్ పాయింట్లు, అంటే తట్టుకోగల నష్టం, వస్తాయి (రోగ్‌కి ఇచ్చే 8కి తోడు కాన్‌స్టిట్యూషన్ వల్ల 2). ఒక గాబ్లిన్ (పొట్టి రాక్షసుడు) కత్తి దెబ్బ సగటున 5 కనక, రెండు దెబ్బలు తగిలితే నేల మీద ఉంటావు. ఇంకా తగ్గించుకుంటే ఏం మిగులుతుంది?

జాతిగా లైట్‌ఫుట్ హాఫ్‌లింగ్ (పొట్టి మనుషుల జాతి) తీసుకుంటే డెక్స్టెరిటీ 17, కరిస్మా 13 అవుతాయి. లెదర్ ఆర్మర్‌తో (తోలు కవచం) ఆర్మర్ క్లాస్, అంటే నీకు దెబ్బ తగలాలంటే శత్రువు పాచికా బోనసూ కలిపి చేరాల్సిన అంకె, 14. డీ20 మీద 1 పడితే మళ్ళీ వేసుకునే అదృష్టం కూడా ఉంది. నాకు నచ్చేది మాత్రం వేరే గుణం: తనకన్నా ఒక సైజు పెద్ద మనిషి వెనకాల కూడా హాఫ్‌లింగ్ దాక్కోగలదు. మీ ఫైటర్ (ముందు నిలబడి పోరాడే తోటివాడు) వీపే నీకు గోడ! లోటు ఏమిటంటే నడక 25 అడుగులే, చీకట్లో చూపు లేదు. లాంతరు పట్టుకుని నక్కి నక్కి నడవడం అయ్యే పని కాదు కదా. ముందు వెళ్ళి చూసొచ్చే పనే నీకు ఇష్టమైతే వుడ్ ఎల్ఫ్ తీసుకో. నడక 35 అడుగులు, చీకట్లో 60 అడుగుల చూపు, పైగా పెంపు విజ్‌డమ్‌కి వెళుతుంది.

హాఫ్‌లింగ్‌కి డెక్స్టెరిటీ 17, విజ్‌డమ్ 13 అని బేసి అంకెలు వదిలేశానని కంగారుపడకు. నాలుగో లెవెల్‌లో రెండు పాయింట్లు వస్తాయి. ఒకటి డెక్స్టెరిటీకి, ఒకటి విజ్‌డమ్‌కి వేస్తే 18, 14 అయి రెండు బోనస్‌లూ ఒకేసారి పెరుగుతాయి.

ఆయుధం విషయంలో అందరూ రేపియర్ (సన్నని పొడవాటి కత్తి) అంటారు, దాని పాచిక ఎనిమిది ముఖాలది కాబట్టి. మొదటి లెవెల్‌కి నా ఓటు రెండు షార్ట్‌సోర్డ్‌లకి (పొట్టి కత్తులు). గాబ్లిన్ ఆర్మర్ క్లాస్ 15, నీ దాడి బోనస్ +5. ఒక్క దెబ్బ తగిలే అవకాశం 55 శాతం. రెండో చేత్తో బోనస్ యాక్షన్‌గా (నీ వంతులో అసలు పనికి తోడు చేసే చిన్న పని) ఇంకో దెబ్బ వేస్తే, రెంటిలో ఒకటైనా తగిలే అవకాశం దాదాపు 80. రెండో దెబ్బకి డెక్స్టెరిటీ బోనస్ కలవదు గానీ స్నీక్ అటాక్ కలుస్తుంది, మనకి కావాల్సింది అదే. రెండో లెవెల్‌లో కన్నింగ్ యాక్షన్ (బోనస్ యాక్షన్‌తోనే జారుకోవడం, పరుగెత్తడం, దాక్కోవడం) వచ్చాక బోనస్ యాక్షన్‌కి పోటీ మొదలవుతుంది. అప్పుడు పద్ధతి ఇది: మొదటి దెబ్బ తగిలితే డిస్‌ఎంగేజ్ చేసి (శత్రువు ఎదురుదెబ్బ తగలకుండా తప్పుకుని) వెనక్కి జారుకో, తప్పితే రెండో కత్తి వాడు. పుస్తకం ఇచ్చే సామాను రెండు షార్ట్‌సోర్డ్‌లు తీసుకోనిస్తుంది, కానీ అప్పుడు విల్లు రాదు. ఎలాగూ రెండు డాగర్లు వస్తాయి. 20 అడుగుల దాకా విసరడానికి అవి చాలు, వాటికీ స్నీక్ అటాక్ పడుతుంది.

స్కిల్స్‌లో ఒక చిన్న మెలిక ఉంది. బ్యాక్‌గ్రౌండ్‌గా క్రిమినల్ తీసుకుంటే డిసెప్షన్ (మోసగించడం), స్టెల్త్ (చప్పుడు లేకుండా మెలగడం) అక్కడే వచ్చేస్తాయి. క్లాస్ ఇచ్చే నాలుగింటిలో మళ్ళీ అవే రాసి రెండు వృథా చేసుకోకు. పర్సెప్షన్, ఇన్వెస్టిగేషన్, స్లైట్ ఆఫ్ హ్యాండ్, అక్రోబాటిక్స్ రాసుకో. ఉచ్చు ఉందని కళ్ళకి తట్టడం పర్సెప్షన్, అది ఎలా పనిచేస్తుందో తేల్చుకోవడం ఇన్వెస్టిగేషన్, విప్పడం తాళాల పరికరాలు. ఎక్స్‌పర్టీజ్ (నేర్చినదాని బోనస్ రెట్టింపు కావడం) రెంటికి వస్తుంది: ఒకటి స్టెల్త్‌కి, అనుమానం లేదు, బోనస్ +7 అవుతుంది. రెండోది తాళాల పరికరాలకి వేయమని చాలామంది చెబుతారు. నేనైతే పర్సెప్షన్‌కి వేస్తాను. తాళం రోజుకొకటి ఎదురైతే గొప్ప, పర్సెప్షన్ పాచిక ప్రతి గదిలోనూ వేయాలి.

సామాన్లలో బర్గ్లర్స్ ప్యాక్ (దొంగ సామాన్ల మూట) తీసుకో. అందులో వెయ్యి బాల్ బేరింగులు, 10 అడుగుల దారం, ఒక గంట ఉంటాయి. రాత్రి మకాం వేసినప్పుడు దారానికి గంట కట్టి దారికి అడ్డంగా లాగు. కాపలా సగం అదే కాస్తుంది.

ముందుకెళ్ళి చూసొస్తానని ఉబలాటపడే ముందు దూరం కొలుచుకో. 25 అడుగుల నడకతో, డాష్ (ఆ వంతు పనిని పరుగుకి వాడటం) చేస్తే ఒక టర్న్‌లో 50 అడుగులు వెనక్కి రాగలవు. మొదటి లెవెల్‌లో గుంపుకి అంతకన్నా దూరం పోకు. రెండో లెవెల్‌లో అది 75 అవుతుంది.

పాత్ర కథ ఆరు వాక్యాలు దాటక్కర్లేదు. ఈ విద్య ఎక్కడ నేర్చింది, ఎవరికి బాకీ పడింది, ఈ గుంపుతోనే ఎందుకు తిరుగుతోంది. మూడోది రాయకపోతే డంజన్ మాస్టర్ ప్రతి వారం నిన్ను గుంపులోకి లాక్కురావాల్సి వస్తుంది. ‘నా పాత్ర స్వభావం అంతే’ అంటూ తోటివాళ్ళ సంచుల్లో చెయ్యి పెట్టే రోగ్‌లు ఉంటారు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళందరికీ నీ పాచిక కనబడుతూనే ఉంటుంది. ఆ ఫైటర్ 5 అడుగుల దూరంలో నిలబడితేనే కదా నీ దెబ్బకి బలం!

మూడో లెవెల్‌లో ఎంచుకోవాల్సిన దారి గురించి ఇప్పుడే ఒక్క మాట. ఆర్కేన్ ట్రిక్‌స్టర్ (మంత్రాలు వేసే రోగ్) కావాలనుంటే మంత్రాలు ఇంటెలిజెన్స్ మీద నడుస్తాయి కాబట్టి విజ్‌డమ్‌లో పెట్టిన 13ని ఇప్పుడే అటు మార్చుకో, తర్వాత మార్చడం కుదరదు. అసాసిన్ పేరు ఆకర్షిస్తుంది గానీ, ఏమరుపాటున దొరికిన శత్రువు మీదే దాని అసలు బలం. గుంపులో ఇద్దరు ఇనుప కవచాలు గలగలలాడిస్తూ నడుస్తుంటే అది అరుదు. థీఫ్ అనే మూడో దారికి ఏ మార్పూ అక్కర్లేదు.

ఆటకి వచ్చేటప్పుడు రంగు వేరే ఉన్న ఆరు ముఖాల పాచికలు రెండు పట్టుకురా. ఒకదాన్ని ఎప్పుడూ డీ20తో కలిపే వెయ్యి, తగిలిందో లేదో తేలేసరికి స్నీక్ అటాక్ లెక్క కూడా చేతిలో ఉంటుంది. క్రిటికల్ (డీ20 మీద 20 పడటం) అయితే ఆ పాచిక కూడా రెట్టింపవుతుంది. రెండోది 20 పడిన రోజుకి.

ఆశీస్సులతో,
మీ బాబాయ్