మీ అమ్మాయికి ఆ సిగ్గు ఎవరు నేర్పారు?

అమ్మా, గుంటూరు జిల్లా నుంచి మీరు రాసిన ఉత్తరం చదివాను. మీ వారికి పక్షవాతం వచ్చి మంచాన పడ్డప్పటి నుంచి నాటకాలాడి ఇల్లు నడిపారు, పిల్లను ఇంజనీరింగ్ చదివించారు. రెండేళ్ళుగా టీవీ సీరియల్లో అత్తగారి వేషం వేస్తున్నారు. ఇప్పుడు అమ్మాయికి మంచి సంబంధం వచ్చింది. ‘నేను నటినని పెళ్ళివారికి చెప్పాలా, దాచాలా?’ అని అడిగారు.

రోజూ సాయంత్రం టీవీలో కనిపించే మొహాన్ని ఎక్కడ దాస్తారమ్మా? చెప్పండి. మధ్యవర్తి చేత కాదు, మీరే చెప్పండి. ఇష్టమైతే చేసుకుంటారు, లేకపోతే ఇంకో సంబంధం చూద్దురుగాని. దీని గురించి ఇంత టెన్షన్ అక్కర్లేదు.

నన్ను బాధపెట్టింది ఉత్తరం చివర రాసీ రాయనట్టు రాసిన మాట. ‘పెళ్ళిచూపులప్పుడు పెద్దమ్మ నా పక్కన కూర్చుంటుంది, నువ్వు వంటింట్లో ఉండమ్మా’ అంది మీ అమ్మాయి. మీరు సరేనన్నారు. ఎలా అనగలిగారు?

మీకు కష్టంగా ఉన్నా చెబుతాను. ఆ సిగ్గు ఆ పిల్లకు మీరే నేర్పారు. నాటకం అయ్యాక కొబ్బరినూనెతో రంగు తుడుచుకుని, చెవి వెనక ఎక్కడైనా మిగిలిందేమోనని తలమీద కొంగు కప్పుకుని తెల్లవారుజాము బస్సెక్కేదాన్నని రాశారు. స్కూల్లో ఎవరైనా అడిగితే అమ్మ మిషను కుడుతుందని చెప్పమన్నారు. తెనాలిలో పరిషత్తు పోటీల్లో ఉత్తమ నటి బహుమతి వస్తే ఆ షీల్డును గోనెసంచిలో కట్టి అటకెక్కించారు. పిల్లను ఒక్క నాటకానికీ తీసుకెళ్ళలేదు. పదిమంది నోళ్ళలో పడకుండా కాపాడాలనే మీ ఉద్దేశం, కాదనను. కానీ అమ్మ ఏదో చెప్పుకోకూడని పని చేస్తోందనే పిల్లకు అర్థమైంది.

స్టేజీ ఎక్కిన ఆడదాన్ని మనవాళ్ళు ఎన్నెన్ని మాటలన్నారో నాకు తెలుసు. స్థానం నరసింహారావు గారు ఆడవేషాలతో పేరు తెచ్చుకున్నారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. మగవాడు చీర కట్టి నటిస్తే గౌరవం, ఆడది నటిస్తే సంబంధాలు చెడతాయా? సురభి వారు 1885 నుంచి నాటకాలాడుతున్నారు, ఇంటిల్లిపాదీ వేషాలు కడతారు. మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’లో 1932లో లీలావతిగా కనిపించిన కమలాబాయి గారు ఆ సురభి నుంచి వచ్చినావిడే.

మీ అక్కగారి మీద కోపం పెట్టుకోకండి. మీరు ఊళ్ళు తిరిగిన రాత్రులు పిల్లను చూసుకుంది ఆవిడే. ఆవిణ్ణీ కూర్చోబెట్టండి, కానీ పిల్ల పక్కన కూర్చోవలసింది మీరు. ఏడవకుండా, బతిమాలకుండా అమ్మాయితో ఒక్క మాట చెప్పండి: ‘నేను వంటింట్లో ఉండే పెళ్ళిచూపులు ఈ ఇంట్లో జరగవు.’ రెండు రోజులు అలుగుతుంది, అలగనివ్వండి. మీ వారు మాట సరిగా రాకపోయినా అన్నీ వింటున్నారు కదా, ఆయన ముందే చెప్పండి.

అటక మీది సంచి ఈ వారమే దించండి. వచ్చే నెల మీ నాటకం ఉందన్నారుగా, అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టండి. తెర పడగానే గ్రీన్‌రూమ్‌కి రమ్మనండి. తను వచ్చేదాకా రంగు తుడుచుకోకండి.