గొంతు ఒక చెవిలోనే వినిపిస్తే డిస్క్ పాడైనట్టు కాదు

మీరు కొన్న 1960ల నాటి బల్లాడ్ (నెమ్మదైన భావగీతాల) ఆల్బమ్ రీఇష్యూలో, అంటే మళ్లీ విడుదల చేసిన డిస్క్‌లో, గాయకుడి గొంతు కుడి చెవిలో, వయొలిన్లన్నీ ఎడమ చెవిలో వస్తున్నాయని, వెనక్కి పంపేయాలా అని అడిగారు. ఆగండి, తొందరపడొద్దు. అదే హెడ్‌ఫోన్స్‌లో ఏదైనా కొత్త పాట పెట్టండి. అందులో గొంతు నడి నెత్తిన వినిపిస్తే మీ పరికరానికి ఏ జబ్బూ లేదు.

స్టీరియో ఎల్పీలు, అంటే ఎడమకీ కుడికీ వేర్వేరు శబ్దం ఇచ్చే పెద్ద రికార్డులు, మార్కెట్లోకి వచ్చింది 1958లో. అప్పటి టేపుల్లో చాలావరకు ఉండేవి రెండో మూడో నాలుగో ట్రాకులే, అంటే శబ్దాన్ని విడివిడిగా రికార్డు చేసే వరసలు. అందుకే చాలా రికార్డుల్లో గొంతును ఓ పక్కకి, వాయిద్యాలను ఇంకో పక్కకి నెట్టేశారు. స్పీకర్లలో వింటే రెండూ గదిలో కలిసిపోతాయి, హెడ్‌ఫోన్స్‌లో మాత్రం చెరో మూలా కూర్చుంటాయి.

ఫోన్‌లో వింటుంటే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి మోనో ఆడియో ఆన్ చేయండి, రెండు పక్కల శబ్దమూ కలిసి రెండు చెవుల్లోనూ ఒకేలా వస్తుంది. యాంప్లిఫయర్‌కి మోనో బటన్ ఉంటే అదీ చాలు. నేనైతే ఇలాంటివి మోనోలోనే వింటాను. పల్లవికి ముందు గాయకుడు తీసుకునే ఆ చిన్న ఊపిరి అప్పుడే సరిగ్గా మధ్యలో పడుతుంది.

డిస్క్ వెనక అట్ట కూడా చూడండి. కొన్ని రీఇష్యూల్లో అసలు మోనో మిక్స్ కూడా వేరుగా ఇస్తారు. ఉంటే ముందు అదే వినండి. ఇక మెల్లగా వినిపించే ఆ 'స్‌స్‌' చప్పుడు టేపుది. దాన్ని పూర్తిగా తుడిచేసిన రీమాస్టర్లలో (పాత రికార్డింగును శుభ్రం చేసి మళ్లీ తయారుచేసినవాటిలో) చాలాసార్లు గొంతు వెనకాల ప్రతిధ్వని కూడా చచ్చిపోతుంది, కాబట్టి అది ఉండటమే నయం.