సూర్యుడి కణాలకు అంత వేగం ఎక్కడిది?

ప్రశ్న: మాస్టారూ, 2024 మే నెలలో లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడిన ఫొటోను ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి చూపించాడు. సూర్యుడి నుంచి కణాలు ఇంచుమించు కాంతి వేగంతో వస్తాయన్నాడు. అంత వేడికి ఎగిరిపడతాయేమో అన్నాను. కాదన్నాడు గానీ ఎలాగో చెప్పలేకపోయాడు. మీరైనా చెబుతారా?
– ఒక పాఠకురాలు, నాయుడుపేట

జవాబు: అమ్మా, మీ అబ్బాయి మాట నిజమే, వేడి చాలదు. సూర్యుడి చుట్టూ ఉండే పలుచని వాతావరణం, అంటే కరోనాలో, వేడి పది, ఇరవై లక్షల డిగ్రీలు ఉంటుంది. అంత వేడిలోనూ ప్రోటాన్ వేగం సెకనుకు సుమారు రెండు వందల కిలోమీటర్లే. మీరడిగే కణాలు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు దాటి వస్తాయి. అంటే వెయ్యి రెట్లు!

ముందు ఆ ఫొటో సంగతి. మే 10 రాత్రి ఆకాశాన్ని ఎర్రబరిచింది ఈ వేగపు కణాలు కావు. రెండు మూడు రోజుల ముందు సూర్యుడు విసిరిన ప్లాస్మా (విద్యుదావేశమున్న వేడి వాయువు) మేఘాలు వచ్చి భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేశాయి. అలాంటి మేఘాన్నే సీఎంఈ (కరోనల్ మాస్ ఎజెక్షన్) అంటారు. వేగపు కణాలు వచ్చింది మర్నాడు పొద్దున. ఆ మేఘాలను విసిరిన సూర్యుడి మచ్చల గుంపు నుంచే మన టైములో ఏడు గంటలవుతుండగా మరో పెద్ద జ్వాల లేచింది. కాసేపటికే ధ్రువ ప్రాంతాల్లో ఇలాంటి కణాల జాడను నేలమీద పసిగట్టే న్యూట్రాన్ మానిటర్ల లెక్క పెరిగింది. నేలమీద దాకా తెలిసే ఇలాంటి సంఘటనలు 1942 నుంచి లెక్కపెట్టినా డెబ్బై పైచిలుకే.

ఇక అసలు ప్రశ్న. నేను లెక్చరర్‌గా ఉన్నప్పుడు క్లాసుకు టీటీ బంతి, బ్యాటు పట్టుకెళ్లేవాణ్ని. బల్లమీద బంతిని ఎగరనిచ్చి, పైనుంచి బ్యాటును మెల్లగా కిందికి దించాలి. మొదట టక్... టక్... అంటుంది. బ్యాటు దిగేకొద్దీ టకటకటకా అని చెవులు గింగురుమంటాయి. చెయ్యి కదిలింది మెల్లగానే. కానీ ఎదురొచ్చే బ్యాటుకు తగిలిన ప్రతిసారీ బంతి వేగం కొంచెం పెరిగింది. మీ ఇంట్లోనూ చేసి చూడండి, రెండు నిమిషాల పని.

సూర్యుడి దగ్గర జరిగేదీ ఇదే. పెద్ద సీఎంఈ సెకనుకు రెండు వేల కిలోమీటర్లకు పైగా దూసుకొస్తుంది. దాని ముందు ప్లాస్మా ఒత్తుకుపోయి గోడలా నిలుస్తుంది. దాన్నే షాక్ అంటారు. గోడకు ఇవతలా అవతలా అయస్కాంత రేఖలు చిక్కులు పడి ఉంటాయి. వెనక చిక్కులు ముందువాటి మీదికి తరుముకొస్తుంటాయి. మధ్యలో దొరికిన ప్రోటాన్ అటు తగిలి ఇటు, ఇటు తగిలి అటు, మళ్లీ మళ్లీ గోడను దాటుతుంది. దాటిన ప్రతిసారీ కొంత శక్తి. నాకు మహా ఇష్టమైన విషయం ఒకటుంది: ముందుకు తప్పించుకుపోయే ప్రోటాన్లే దారిలో అలలు రేపుతాయి, ఆ అలలే వెనకొచ్చేవాటిని మళ్లీ గోడవైపు తిప్పికొడతాయి.

అయస్కాంతం కణాన్ని వంచుతుంది గానీ వేగం పెంచదు కదా అని మీ అబ్బాయి అడుగుతాడు. అడగాలి కూడా. క్షేత్రమే కదిలొస్తుంటే దాని వెంట విద్యుత్ క్షేత్రం పుడుతుంది, శక్తినిచ్చేది అదే. కదిలే అయస్కాంత మేఘాలకు తగిలి కాస్మిక్ కిరణాలు (అంతరిక్షం నుంచి వచ్చే వేగపు కణాలు) బలం పుంజుకుంటాయని భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ 1949లోనే చెప్పాడు. దాన్ని షాక్‌కు అన్వయించింది 1970ల చివర్లో.

జ్వాల దగ్గర ఇంకో దారి ఉంది. మెలిపడిన అయస్కాంత రేఖలు తెగి, వేరేలా అతుక్కుంటాయి. అప్పుడు విడుదలయ్యే శక్తితో ముఖ్యంగా ఎలక్ట్రాన్లు దూసుకొస్తాయి. కొన్ని గంటల్లో సద్దుమణుగుతుంది. షాక్ అయితే రోజుల తరబడి కణాలను తోస్తూనే ఉంటుంది.

2023 సెప్టెంబర్ 2న 11:50కి శ్రీహరికోట నుంచి సూర్యుణ్ని పరిశీలించే ఇస్రో నౌక ఆదిత్య-ఎల్1 లేచినప్పుడు నేను సూళ్లూరుపేటలో మేడమీద ఉన్నాను. మీ ఊరికీ ఆ శబ్దం వినబడే ఉంటుంది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో అది ఇప్పుడు ఈ కణాలను కొలుస్తోంది. అందులోని ఆస్పెక్స్ పరికరం అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీలో తయారైంది.

తోసింది షాకేనని ఎలా తెలుసంటారా? కణాలు సూర్యుడి నుంచి వంపు తిరిగిన దారిలో, సుమారు 18 కోట్ల కిలోమీటర్లు వస్తాయి. కణాల శక్తిని ఎలక్ట్రాన్ వోల్టుల్లో కొలుస్తారు. వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్‌కు సుమారు పదకొండున్నర నిమిషాలు పడుతుంది. కోటి ఎలక్ట్రాన్ వోల్టులదైతే గంటా పది నిమిషాలు. ఏది ఎప్పుడు చేరిందో చూసి వెనక్కి లెక్కేస్తే, అవి బయల్దేరిన సమయం తేలుతుంది. పెద్ద సంఘటనల్లో చాలాసార్లు ఆ సమయానికి జ్వాల మొదలై కొన్ని నిమిషాలు దాటి ఉంటుంది, సీఎంఈ అప్పటికే పది, పదిహేను లక్షల కిలోమీటర్లు పైకి లేచి ఉంటుంది. అందుకే తోసింది జ్వాల కాదు, సీఎంఈ ముందున్న షాకే అనుకుంటాం.