తల్లి పక్కనే ఉన్నా పిల్లల్ని గేటు దగ్గర ఆపొచ్చా?

సందేహం: మాది బరంపురం. పండక్కి పర్లాకిమిడి నుంచి మా అక్కావాళ్లు వస్తే అందరం కలిసి తెలుగు సినిమాకు వెళ్లాం. మా పాపకు 16 ఏళ్లు, బాబుకు 9. ఫోన్‌లోనే టికెట్లు తీసుకున్నాం. తీరా వెళ్తే, "ఇది ఎ సినిమా, పిల్లల్ని లోపలికి పంపం" అన్నారు. తల్లిని, పక్కనే ఉంటానన్నా వినలేదు. డబ్బులూ తిరిగివ్వలేదు. పోయిన నెల అదే హాల్లో యూఏ 16+ సినిమాకు ఇద్దర్నీ పంపారు. ఒడిశాలో తెలుగు సినిమాకు వేరే రూలు ఉందా లాయరు గారూ?

జవాబు: గేటు దగ్గర మిమ్మల్ని ఆపినవాళ్లది తప్పు కాదమ్మా. ఎ సర్టిఫికెట్ సినిమా 18 ఏళ్లు నిండినవాళ్లకే. అమ్మానాన్నలు వెంట ఉంటే పర్వాలేదన్న మినహాయింపు చట్టంలో మూడేళ్ల లోపు పసిపిల్లలకే ఉంది, మీ పిల్లల వయసువాళ్లకు లేదు. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం 7వ సెక్షన్ ప్రకారం, 18 నిండనివాళ్లకు ఎ సినిమా చూపిస్తే 3 ఏళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మీరు ఒప్పుకున్నారని చెప్పినా హాలువాళ్లకు ఆ కేసు తప్పదు.

యూఏ సంగతి వేరు. ఇదివరకు యూఏ అంటే 12 ఏళ్ల లోపు పిల్లల విషయంలో పెద్దలు చూసుకోవాలని ఒకే హెచ్చరిక ఉండేది. 2023 సవరణతో అది 7+, 13+, 16+ అని మూడు రకాలైంది. ఈ అంకె తల్లిదండ్రులు ఆలోచించుకోవడానికే. తల్లిదండ్రులు, సంరక్షకులు తప్ప మరెవరూ దాన్ని అమలు చేయడానికి వీల్లేదని చట్టంలోనే రాశారు. కాబట్టి పోయిన నెల మీ బాబును పంపడం సరైన పనే, ఆపి ఉంటే మీరు గట్టిగా అడగొచ్చు. ఈ తేడా తెలియక గేట్ల దగ్గర ఎంత గొడవ పడతామో చూస్తే బాధేస్తుంది.

ఒడిశాకు వేరే రూలేమీ లేదు. సినిమాలకు సర్టిఫికెట్లు ఇచ్చే సెన్సార్ బోర్డుకు హైదరాబాద్‌లోనూ, మన కటక్‌లోనూ ప్రాంతీయ కార్యాలయాలున్నాయి. ఎక్కడ ఇచ్చినా ఆ సర్టిఫికెట్ దేశమంతటా చెల్లుతుంది.

ఈ సర్టిఫికెట్ల మీద ఇన్ని తగాదాలు ఎందుకంటే, రక్తం ఎంత, బూతు ఎంత అన్నదానికి కొలబద్ద లేదు. 1991లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ఉన్నాయి గానీ, సినిమా చూసి తేల్చేది కమిటీలో కూర్చున్న నలుగురైదుగురు మనుషులు. దీనికి తోడు డబ్బు లెక్క ఉంది. ఎ వస్తే కుటుంబాలు రావు, ఉన్నదున్నట్టుగా టీవీలో వేయడానికి లేదు. అందుకే నిర్మాతలు సీన్లు కోసుకునైనా యూఏ తెచ్చుకోవాలని చూస్తారు. కోతకు ఒప్పుకోనివాళ్లు కోర్టుకెక్కుతారు. 2016లో 'ఉడ్తా పంజాబ్' అనే హిందీ సినిమాకు బోర్డు 13 మార్పులు అడిగితే, బొంబాయి హైకోర్టు ఒక్క కోత చాలని, ఎ సర్టిఫికెట్‌తో విడుదల చేయనిచ్చింది. అప్పట్లో హైకోర్టుకన్నా ముందు వెళ్లడానికి, బోర్డు నిర్ణయాల మీద అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ ఉండేది. 2021లో దాన్ని రద్దు చేశారు. చిన్న నిర్మాతకు ఇప్పుడు నేరుగా హైకోర్టే దిక్కు. అది అన్యాయమని నా అభిప్రాయం.

ఇంకో మాట చెప్పాలి. థియేటర్లో ఆపిన సినిమానే కొన్నాళ్లకు ఓటీటీలో ఇంటికొస్తుంది. అక్కడ ఈ బోర్డు లేదు. 2021 ఐటీ రూల్స్ ప్రకారం ఆ కంపెనీలే వయసు గుర్తు వేస్తాయి, 13+ నుంచి పైవాటికి పేరెంటల్ లాక్ సౌకర్యం ఇవ్వాలి. ఆ లాక్ మీరు పెట్టకపోతే మీ పాప ఫోన్‌లో ఆ సినిమాను ఆపేవాళ్లుండరు. పెట్టడం రాకపోతే ఇంట్లో తెలిసినవాళ్లతో ఇవాళే పెట్టించండి.

ఇక మీ డబ్బు. బుక్ చేసినప్పుడు పేజీలో ఎ అని కనిపించి ఉంటే వాపసు రావడం కష్టం. దాన్ని చూపించకుండా టికెట్లు అమ్మి ఉంటే అది సేవాలోపమని వాదించొచ్చు. ఆ పేజీ స్క్రీన్‌షాట్, టికెట్ మెసేజ్, డబ్బు కట్టిన రుజువు దాచిపెట్టుకుని ముందు హాలు యాజమాన్యానికి, టికెట్లు అమ్మిన యాప్‌కు రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అప్పటికీ తేలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. ఇంత చిన్న మొత్తానికి ఫీజు ఉండదు, లాయరును పెట్టుకోవాల్సిన పనీ లేదు.